మయస్థీనియా గ్రావిస్: ఏం తింటున్నాం అన్నదానికంటే ఎప్పుడు, ఎలా తింటున్నాం అన్నదే ముఖ్యం

ఈరోజు టాపిక్ మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్నదే. "అక్కా, మయస్థీనియాకి ఏ డైట్ ఫాలో అవ్వాలి? ఏం తింటే తగ్గుతుంది?" అని. సమాధానం ముందే చెప్పేస్తాను, ఎందుకంటే వీడియో మధ్యలో వెళ్లిపోయేవాళ్లకి కూడా ఇది తెలియాలి. ఈ జబ్బుని తగ్గించే తిండి అంటూ ఏదీ లేదు. కీటో కాదు, గోధుమలు మానేయడం కాదు, ఏ పొడీ కాదు, ఏ కషాయమూ కాదు. తగ్గించేది మందులు, కొంతమందికి ఆపరేషన్.

మరి ఇంత పెద్ద ఎపిసోడ్ ఎందుకంటే, తిండి జబ్బుని తగ్గించకపోయినా, తినే పద్ధతి మాత్రం మనల్ని చాలా ప్రమాదాల నుంచి కాపాడుతుంది. అలాగే మనం మింగకూడనివి కొన్ని ఉన్నాయి. అవి వంటింట్లో ఉండవు, మెడికల్ షాపులో ఉంటాయి. దాని దగ్గరికి కూడా వస్తాను.

నేను డాక్టర్ని కాదండీ. బీటెక్ చేశాను, సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, నాలుగేళ్లుగా ఈ జబ్బుతో ఉంటున్నాను. కాబట్టి మందుల డోసు నేను చెప్పను, అది మీ న్యూరాలజిస్ట్ చెప్పాలి. రోజు ఎలా గడపాలో మాత్రం చెప్తాను.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మనం చెయ్యి ఎత్తాలి అనుకుంటే సిగ్నల్ మెదడు నుంచి నరం ద్వారా కండరం దాకా వస్తుంది. నరం చివరకి, కండరానికి మధ్య చాలా చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. దాన్ని అందుకోవడానికి కండరం మీద రిసెప్టర్లు ఉంటాయి. అవి అందుకోగానే కండరం ముడుచుకుంటుంది. ఇదంతా సెకనులో చాలా చిన్న భాగంలో అయిపోతుంది.

మయస్థీనియాలో మన ఇమ్యూన్ సిస్టమ్ పొరపాటున ఆ రిసెప్టర్ల మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి కొన్ని రిసెప్టర్లకి అడ్డుపడతాయి, కొన్నిటిని నాశనం చేస్తాయి. అంటే కొరియర్ బాయ్ రోజూ లాగే వస్తున్నాడు, ఇల్లు కూడా బానే ఉంది, కానీ తలుపు తీసి పార్సిల్ తీసుకునేవాళ్లు తగ్గిపోయారు. కొద్దిమందిలో యాంటీబాడీలు ఈ రిసెప్టర్ల మీద కాకుండా మస్క్ అనే ఇంకో ప్రోటీన్ మీద ఉంటాయి.

ఇంకో విషయం ఉంది, ఇది అర్థమైతే మిగతా ఎపిసోడ్ అంతా అర్థమవుతుంది. ఒకే కండరాన్ని మళ్లీ మళ్లీ వాడుతుంటే నరం వదిలే రసాయనం ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. మామూలు మనిషికి రిసెప్టర్లు కావలసినదానికంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. మనకి ఆ మిగులు లేదు. అందుకే వాడేకొద్దీ బలం తగ్గుతుంది, కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది.

బయటివాళ్లకి అర్థం కానిది కూడా ఇదే. పొద్దున పది గంటల మీటింగ్‌లో నా గొంతు మామూలుగానే ఉండేది. రాత్రి క్లయింట్ కాల్ వచ్చేసరికి ముక్కుతో మాట్లాడుతున్నట్టు అయిపోయేది. ఒకాయన అందరి ముందు "ఏంటమ్మా, ఏమైనా తాగొచ్చావా" అని నవ్వారు. ఇంట్లో ఏమో "పొద్దున లక్షణంగా ఉంటావు, సాయంత్రం పని చెప్పేసరికి నీరసం వస్తుంది" అనేవాళ్లు. ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట ఒకసారైనా వినపడి ఉంటుంది. ఇది బద్ధకం కాదు, నాటకం కాదు. పొద్దున బాగుండి సాయంత్రానికి తగ్గడమే ఈ జబ్బు లక్షణం.

ఎక్కువమందిలో మొదట కనురెప్ప వాలిపోతుంది, లేదా ఒకటి రెండుగా కనపడుతుంది. తర్వాత కొంతమందికి నమలడం, మింగడం, మాట్లాడటం, మెడ నిలపడం, చేతులు పైకెత్తడం కష్టమవుతాయి. అన్నిటికంటే ప్రమాదం ఊపిరి కండరాలు బలహీనపడటం. వయసు వాళ్లలో ఆడవాళ్లకి ఎక్కువ, యాభై అరవై దాటాక మగవాళ్లకి ఎక్కువ వస్తుంది. అమితాబ్ బచ్చన్ కూడా 1980ల్లో తనకి ఈ జబ్బు వచ్చిందని ఆయనే బయటికి చెప్పారు. ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు పనిచేశారో మీకు తెలుసు.

టాబ్లెట్ టైమ్ చూసుకుని కంచం ముందు కూర్చోవాలి

1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టర్ ఒక సంగతి గమనించారు. క్యూరారే అనే విషం ఎక్కితే మనిషి ఎలా సడలిపోతాడో మయస్థీనియా పేషెంట్లు కూడా దాదాపు అలాగే ఉన్నారు కదా, మరి ఆ విషానికి ఇచ్చే విరుగుడు వీళ్లకి ఇస్తే ఏమవుతుంది అని ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూశారు. వాలిపోయిన రెప్పలు లేచాయి. ఈరోజు మనం వేసుకునే పైరిడోస్టిగ్మిన్ ఆ కుటుంబంలోదే. నరం వదిలిన ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా అది కాపాడుతుంది. జబ్బు మూలాన్ని ముట్టుకోదు, కొన్ని గంటలు బలం ఇస్తుంది అంతే.

మామూలు టాబ్లెట్ అయితే అరగంట నుంచి ముప్పావుగంటలో పని మొదలుపెడుతుంది, మూడు నాలుగు గంటలు ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. నమలడం, మింగడం కూడా కండరాల పనే. మరి మనం చాలామంది ఏం చేస్తాం? "అన్నం తిన్నాక మాత్ర" అని చిన్నప్పటినుంచి అలవాటు కాబట్టి, ముందు బలం లేని దవడతో అన్నం తినేసి, తర్వాత బలం ఇచ్చే మాత్ర వేసుకుంటాం.

నమలడం, మింగడం కష్టంగా ఉన్నవాళ్లకి డాక్టర్లు సాధారణంగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు ఈ మాత్ర వేసుకోమంటారు. కొంతమందికి దీనివల్ల కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. అలాంటప్పుడు మాత్రతో పాటు కొంచెం ఏదైనా, సగం అరటిపండో రెండు ముద్దల పెరుగన్నమో తీసుకుని, అసలు భోజనం తర్వాత చేస్తే సరిపోతుంది. మీ టైమింగ్ మీ డాక్టర్‌తో కూర్చుని సెట్ చేసుకోండి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నా ఫోన్‌లో రోజుకి ఏడు అలారాలు మోగుతాయి, మా ఇంట్లో పిల్లికి కూడా అలవాటైపోయింది.

ఒక జాగ్రత్త. బలం చాలట్లేదని మీ అంతట మీరు ఇంకో మాత్ర వేసుకోవద్దు. ఇది ఎక్కువైనా కండరాలు బలహీనపడతాయి. నోట్లో నీళ్లు ఊరడం, చెమటలు, కడుపునొప్పి, కండరాలు అదరడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

మెత్తగా, కొంచెం కొంచెంగా, మాట్లాడకుండా

మన ఇళ్లల్లో రాత్రి తొమ్మిదిన్నరకి, అందరూ వచ్చాక, టీవీ ముందు కబుర్లు చెప్పుకుంటూ పెద్ద భోజనం. మయస్థీనియాకి ఇంతకంటే తప్పు టైమ్ లేదు. మన కండరాలకి అది రోజులో అన్నిటికంటే బలహీనమైన సమయం. పెద్ద భోజనం పొద్దున లేదా మధ్యాహ్నం పెట్టుకోండి. రాత్రిది ఏడింటికల్లా, తేలికగా, మెత్తగా. మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్నవి అయితే దవడ అలిసిపోదు.

ఇబ్బంది పెట్టేవి: జొన్నరొట్టె, గట్టి చపాతీ, మటన్ ముక్కలు, చేగోడీలు, జంతికలు. ఇవి నమిలీ నమిలీ సగంలోనే దవడ ఆగిపోతుంది. పొడిగా ఉండి చెల్లాచెదురయ్యేవి ఇంకో రకం సమస్య. మరమరాలు, అటుకుల మిక్చర్, వేయించిన పల్లీలు గొంతులో ఎటు పోతాయో తెలియదు.

సుఖంగా దిగేవి: సాంబారులో నానిన ఇడ్లీ, ముద్దపప్పు నెయ్యి కలిపి మెత్తగా పిసికిన అన్నం, పెరుగన్నం, సొరకాయ, బీరకాయ కూరలు, పులుసు పోసి మెత్తబడిన గుడ్డు, రాగిజావ. చపాతీనే కావాలంటే పప్పులో పది నిమిషాలు నానబెట్టండి. ముక్క కావాలంటే ఖీమా బాగా ఉడికించండి. ఇష్టమైనవి మానేయక్కర్లేదు, వాటి రూపం మార్చుకుంటే చాలు.

నీళ్ల విషయం చాలామందికి తెలియదు. మింగే కండరాలు బలహీనంగా ఉన్నప్పుడు గట్టి పదార్థం కంటే పల్చటి నీళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయి, మాటిమాటికీ పొలమారుతోంది అంటే అది చిన్న విషయం కాదు, డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. అలాంటి రోజుల్లో చెంబు ఎత్తి పైనుంచి పోసుకోవద్దు. గ్లాసుతో, కొంచెం కొంచెం గుక్కలు. మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు, మీ హాస్పిటల్లో అడగండి.

చాలామందికి పొగలు కక్కే వేడి కంటే గోరువెచ్చగా, చల్లగా ఉన్నవి తేలిగ్గా దిగుతాయి. నిటారుగా కూర్చుని తినండి, తిన్నాక అరగంట పడుకోవద్దు. తినే ముందు ఓ పావుగంట మౌనంగా ఉండండి, ఫోన్ కాల్స్ వద్దు. మాట్లాడే కండరాలు, మింగే కండరాలు చాలావరకు ఒకటే. ఒకదానికి ఖర్చు పెడితే ఇంకోదానికి మిగలదు. ఈ ఎపిసోడ్ కూడా నేను రెండు ముక్కలుగా రికార్డ్ చేస్తున్నాను, ఇక్కడిదాకా మాట్లాడి ఒక గంట ఆగాను. అందుకే వీడియోలో వెలుతురు మారింది.

స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి

చాలామందికి పైరిడోస్టిగ్మిన్‌తో పాటు ప్రెడ్నిసోలోన్, అజాథయోప్రిన్ లాంటివి ఇస్తారు. ఇక్కడ మాత్రం డైట్ నిజంగానే పనిచేస్తుంది, జబ్బు మీద కాదు, మందుల సైడ్ ఎఫెక్ట్స్ మీద.

ప్రెడ్నిసోలోన్ ఆకలి పెంచుతుంది, షుగర్ పెంచుతుంది, నీరు పట్టేలా చేస్తుంది, ఎముకల్ని పలచబరుస్తుంది. కాబట్టి ఉప్పు తగ్గించాలి. మనకి ఉప్పు అంటే కూరలో వేసేది మాత్రమే కాదండీ. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్ అన్నీ ఉప్పే. కంచంలో అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఉండాలి. విటమిన్ డి టెస్ట్ చేయించుకుని అవసరమైతే డాక్టర్ చెప్పినంత వాడండి. ముఖం ఉబ్బిందనో బరువు పెరిగాననో స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపేయొద్దు, అది ప్రాణం మీదకి తెస్తుంది. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ఈ మందులు ఇమ్యూనిటీని తగ్గిస్తాయి. మయస్థీనియా ఒక్కసారిగా ముదరడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇన్ఫెక్షనే. అందుకే పానీపూరీ నీళ్లు, కోసి పెట్టిన పళ్లు, ఎప్పటిదో తెలియని చట్నీ విషయంలో మనం మిగతావాళ్లకంటే జాగ్రత్తగా ఉండాలి. ఏ టీకా వేయించుకోవచ్చో, ఏది వద్దో డాక్టర్‌ని అడగండి. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే చెప్పండి, ఈ మందుల్లో కొన్ని గర్భానికి పనికిరావు.

ఇక "ఇమ్యూనిటీ బూస్టర్" పొడులు. మన సమస్య ఇమ్యూనిటీ లేకపోవడం కాదు, ఉన్న ఇమ్యూనిటీ దారి తప్పడం. దాన్ని ఇంకా బూస్ట్ చేసి ఏం సాధిస్తాం? తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో మన దేశంలోని డాక్టర్లే రిపోర్ట్ చేశారు. అజాథయోప్రిన్ వాడేవాళ్ల లివర్ మీద ఇప్పటికే ఒక కన్ను వేసి ఉంచాలి.

మెడికల్ షాపులో జాగ్రత్త

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

పోయినేడాది ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లాను. విరేచనాలు పట్టుకున్నాయి. మా బాబాయి వెళ్లి షాపులో చెప్తే, అక్కడి అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు. వెనక చదివితే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కాంబినేషన్. మన దగ్గర విరేచనాలు అనగానే చేతికొచ్చే మాత్ర అదే. నేను వేసుకోలేదు. ఓఆర్ఎస్ తాగుతూ మా డాక్టర్‌కి ఫోన్ చేశాను.

ఎందుకంటే ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అన్నీ ఫ్లోరోక్వినొలోన్ అనే గ్రూపు. మయస్థీనియా ఉన్నవాళ్లలో ఇవి కండరాల బలహీనతని పెంచి ఊపిరి దాకా తేవచ్చని 2011లో అమెరికా ఎఫ్‌డీఏ వీటి మీద ప్రత్యేకంగా హెచ్చరిక పెట్టించింది. గొంతునొప్పికి ఇచ్చే అజిత్రోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, బీపీకి, గుండెదడకి ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, గ్లకోమాకి వేసే టిమొలాల్ కంటిచుక్కలు, మలేరియాకి ఇచ్చే క్వినైన్, మెగ్నీషియం ఇంజెక్షన్, ముడతలకి చేయించుకునే బోటాక్స్, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మెగ్నీషియం సప్లిమెంట్, టానిక్ వాటర్ కూడా అడగకుండా తీసుకోవద్దు. టానిక్ వాటర్‌లో ఉండేది క్వినైనే.

అలా అని ఇన్ఫెక్షన్ వస్తే మందే వద్దు అని కూర్చోకూడదు. తగ్గని ఇన్ఫెక్షన్ కూడా అంతే ప్రమాదం. తప్పనిసరైతే డాక్టర్లు గమనిస్తూ వీటిలో ఏదైనా ఇవ్వొచ్చు. తేడా ఏంటంటే, వాళ్లకి మీ జబ్బు తెలిసి ఇస్తారు. కాబట్టి పంటి డాక్టర్ అయినా, కంటి డాక్టర్ అయినా, ఊళ్లో ఆర్‌ఎంపీ అయినా మొదటి మాట "నాకు మయస్థీనియా ఉంది" అనే ఉండాలి. ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు ఇచ్చే డాక్టర్‌కి విడిగా చెప్పండి. జబ్బు పేరు, వాడే మందులు, న్యూరాలజిస్ట్ నంబర్ ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టండి. ఫోన్ లాక్ ఉన్నా కనపడేలా ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్‌లో కూడా పెట్టండి.

రోజుని ఎలా ఖర్చు పెట్టాలి?

మన బలం పాత ఫోన్ బ్యాటరీ లాంటిది. వంద చూపిస్తుంది, కానీ త్వరగా దిగుతుంది. జీరో అయ్యాక చార్జ్ పెట్టడం కాదు, నలభై ఉన్నప్పుడే పెట్టాలి. అలిసిపోయాక రెస్ట్ తీసుకుంటే కోలుకోవడానికి గంటలు పడుతుంది, అలిసిపోకముందే పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుంటే సాయంత్రం మిగులుతుంది.

తలస్నానం స్టూల్ మీద కూర్చుని చేయండి, చేతులు పైకెత్తి రుద్దడం మధ్యలో ఆపుతూ ఉండండి. నీళ్లు గోరువెచ్చగా చాలు. వేడి మనకి పడదు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం బయట పనులు పెట్టుకోవద్దు. వెళ్లాల్సి వస్తే తడి తువ్వాలు, నీళ్లు దగ్గర ఉంచుకోండి. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ పెడితే రెప్ప లేస్తుందేమో చూడటం డాక్టర్లు చేసే ఒక పరీక్షే. చల్లదనం అంత పనిచేస్తుంది.

రెండుగా కనపడుతున్న రోజు బండి తీయొద్దు, దీంట్లో మొహమాటం లేదు. జబ్బు అదుపులో ఉన్నవాళ్లు మెల్లగా నడక, తేలికపాటి వ్యాయామం చేయొచ్చు, చేయాలి కూడా. పొద్దున, మాత్ర పనిచేస్తున్న టైమ్‌లో పది నిమిషాలతో మొదలుపెట్టండి. కొంతమంది ఆడవాళ్లకి పీరియడ్స్ దగ్గరలో బలం తగ్గుతుంది, క్యాలెండర్‌లో రాసుకుంటే ఆ రోజుల్లో పని తక్కువ పెట్టుకోవచ్చు.

ఎప్పుడు హాస్పిటల్‌కి పరిగెత్తాలి?

ఒక వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే, పడుకుంటే ఊపిరాడకపోతే, సొంత ఉమ్మి మింగలేకపోతే, దగ్గులో శక్తి లేకపోతే, మెడ నిలవకపోతే ఆగొద్దు. బాగున్న రోజు గట్టిగా ఊపిరి పీల్చి ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో రాసి పెట్టుకోండి. అది బాగా పడిపోయినా, 20 దాకా కూడా రాకపోయినా అది ప్రమాద సూచన.

ఇంట్లోవాళ్లకి ముఖ్యంగా చెప్తున్నాను. కోవిడ్ తర్వాత అందరి దగ్గరా ఆక్సీమీటర్ ఉంది. "98 ఉంది, ఏం కాదు, టెన్షన్ పడకు" అంటారు. ఈ జబ్బులో పాడయ్యేది ఊపిరితిత్తులు కాదు, వాటిని లాగే కండరాలు. ఆ కండరాలు చేతులెత్తేసేదాకా ఆక్సీమీటర్‌లో నంబర్ బానే కనపడొచ్చు. నంబర్ పడిపోయేసరికి చాలా ఆలస్యం అయి ఉంటుంది. నంబర్‌ని కాదు, మనిషిని చూడండి. 108కి ఫోన్ చేయండి, వెంటిలేటర్ ఉన్న ఐసీయూకే తీసుకెళ్లండి. టైమ్‌కి వెళ్తే ఐవీఐజీ, ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ లాంటి చికిత్సలు ఉన్నాయి, ఎక్కువమంది కోలుకుని ఇంటికి వస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఈరోజు రెండు పనులు చేయండి. పర్సులో పెట్టే కార్డు రాసేయండి, ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ మందుల పేర్లు పెట్టండి. మూడోది కూడా ఉంది, దానికి ఖర్చు లేదు. సాయంత్రం వాళ్లు కాసేపు పడుకుంటాను అంటే "పొద్దున బానే ఉన్నావుగా" అనకండి.

వచ్చే ఎపిసోడ్‌లో థైమస్ గ్రంథి ఆపరేషన్ గురించి, అది ఎవరికి చేస్తారు, ఎందుకు చేస్తారు అనేది మాట్లాడుకుందాం. అందాకా టైమ్‌కి మాత్ర, టైమ్‌కి ముద్ద. ఉంటానండీ, బై.